ఉన్నత పాఠశాలలో అమెరికా చరిత్ర బోధన – కృత్యాలు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ స్థానికత ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలంగాణ ఉన్నత పాఠశాల సాంఘికశాస్త్రంలో అమెరికా చరిత్ర ప్రత్యేక విషయంగా ఉండదు. తొమ్మిదో తరగతిలో స్వాతంత్ర్య విప్లవంగా, పదో తరగతిలో ఆర్థిక మాంద్యంగా, పౌరహక్కుల ఉద్యమంగా వేర్వేరు పాఠాల్లో కనిపిస్తుంది. ఈ పాఠాలు విద్యార్థికి సంవత్సరాల పట్టికగా మిగిలిపోకుండా ఉండాలంటే తరగతి గదిలో ఎలాంటి కృత్యాలు చేపట్టాలో ఈ వ్యాసం వివరిస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల భూమి, నీరు, పంట, వలసలను ఆధారంగా చేసుకొని ఆరు కృత్యాలను ప్రతిపాదిస్తుంది. స్థానిక అనుభవంతో పోలిక చూపడంతో కృత్యం పూర్తికాదని, ఆ పోలిక ఎక్కడ చెల్లదో విద్యార్థి ఆధారంతో చెప్పగలిగినప్పుడే చరిత్ర అవగాహన ఏర్పడుతుందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: అమెరికా చరిత్ర, సాంఘికశాస్త్ర బోధన, కృత్యాధార అభ్యసనం, స్థానిక చరిత్ర, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ.

1. ఉపోద్ఘాతం:

2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట జిల్లా ఏర్పడింది. కోదాడ ఆ జిల్లాలో చేరింది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉంది. పాలనాపరంగా వేరైనా ఈ మూడు పట్టణాల చరిత్ర ఒకటే. నిజాం పాలన, వెట్టి, సాయుధ పోరాటం, నాగార్జునసాగర్ ఎడమ కాలువ, వరి, పత్తి, బియ్యం మిల్లులు ఇక్కడి కుటుంబాల జ్ఞాపకాల్లో కలిసిపోయి ఉన్నాయి. గత మూడు, నాలుగు దశాబ్దాలలో వీటికి అమెరికా వలస తోడైంది. ఈ పట్టణాల్లో అమెరికా అనే మాట వినగానే విద్యార్థికి వీసా, ఉద్యోగం, డాలరు గుర్తుకు రావడం సహజం. ఆ దేశం ఒకప్పుడు బానిసల శ్రమపై నిలిచిందనీ, భారతీయులకు పౌరసత్వం నిరాకరించిందనీ, తన పౌరులనే బస్సులో వెనుక వరుసలకు నెట్టిందనీ పాఠం చెబుతుంది. ఇంట్లో విన్న అమెరికా, పుస్తకంలో చదివిన అమెరికా విద్యార్థి మనసులో కలవకుండా రెండు వేర్వేరు గదుల్లో ఉండిపోతాయి. ఈ ఎడమే బోధనా సమస్య.

2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళికా పరిధిపత్రం ఆధారంగా రూపొందిన సాంఘికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఆరు విద్యా ప్రమాణాలను నిర్దేశించాయి. విషయావగాహనతో పాటు పాఠ్యాంశాన్ని చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, పట నైపుణ్యాలు, ప్రశంస–సున్నితత్వం వాటిలో ఉన్నాయి. కృత్యానికి విధానపరమైన చోటు ఇప్పటికే ఉన్నదన్నమాట. ఆ చోటును ఎలా వినియోగించాలన్నదే ఈ వ్యాస పరిధి.

2. కృత్య రూపకల్పనకు మూడు నియమాలు:

కృత్యం అనగానే వేషధారణ, చార్టు, క్విజ్ గుర్తుకు వస్తాయి. వీటివల్ల తరగతిలో సందడి పెరుగుతుంది. సందడి ఉన్నంత మాత్రాన అభ్యసనం జరిగిందని చెప్పలేము. లింకన్ వేషం వేసిన విద్యార్థికి అంతర్యుద్ధ కారణాలు తెలియకపోవచ్చు. కాబట్టి మూడు నియమాలు అవసరం.

మొదటిది, ప్రతి కృత్యానికీ ఒకే ప్రశ్న ఉండాలి. ఆ ప్రశ్నకు పాఠ్యపుస్తకంలోని ఒక వాక్యాన్ని చూసి రాసేందుకు వీలుండకూడదు. రెండవది, విద్యార్థి చేతిలో ఆధారం ఉండాలి. అది పటం, జనాభా లెక్క, చట్టం సారాంశం, వృద్ధుల మాట, చివరకు ఒక పత్తికాయ అయినా కావచ్చు. మూడవది, స్థానిక అనుభవంతో పోల్చిన తరువాత భేదాన్ని తప్పక రాయించాలి. పోలిక ఆసక్తిని కలిగిస్తుంది, భేదం అవగాహననిస్తుంది. వెట్టి, బానిసత్వం రెండూ ఒకటేనని చెప్పి ముగించిన ఉపాధ్యాయుడు రెండింటినీ బోధించనట్లే.

3. మొదటి కృత్యం – తేయాకు లెక్క:

బోస్టన్ తేయాకు ఘటనకు కారణం అడిగితే, బ్రిటిష్ ప్రభుత్వం తేయాకుపై పన్ను పెంచిందని చాలామంది విద్యార్థులు రాస్తారు. ఇది సరికాదు. 1773 నాటి తేయాకు చట్టం కొత్త పన్ను వేయలేదు. అమెరికాలో పౌనుకు 3 పెన్నీల సుంకం 1767 నుంచే ఉంది. కొత్త చట్టం ఈస్టిండియా కంపెనీకి ఇంగ్లండులో చెల్లించిన సుంకాన్ని తిరిగి ఇచ్చి, లండన్ వేలంతో పని లేకుండా తన ప్రతినిధుల ద్వారా నేరుగా వలస రాజ్యాల్లో అమ్ముకునే అవకాశమిచ్చింది. దీనివల్ల కంపెనీ తేయాకు ధర తగ్గుతుంది. అయినా 1773 డిసెంబరు 16 రాత్రి మూడు ఓడల్లోని 342 పెట్టెల తేయాకును బోస్టన్ రేవులో పారబోశారు. ఇక్కడే కృత్యానికి ప్రశ్న దొరుకుతుంది: సరుకు చౌక అవుతుంటే జనం ఎందుకు తిరగబడ్డారు?

తరగతిని నాలుగు జట్లుగా విభజించాలి. డచ్చివారి తేయాకును దొంగచాటుగా తెచ్చి అమ్మే బోస్టన్ వర్తకుడు, తేయాకు కొనే గృహిణి, లండన్‌లోని కంపెనీ డైరెక్టరు, బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు – ఒక్కో జట్టుకు ఒక్కో పాత్ర. చట్టం సారాంశాన్ని ఎనిమిది పంక్తుల తెలుగులో అందరికీ ఇవ్వాలి. ప్రతి జట్టూ చట్టాన్ని సమర్థిస్తుందో వ్యతిరేకిస్తుందో, ఎందుకో రెండు వాక్యాలలో రాయాలి. వర్తకుడి వ్యతిరేకత లాభానికి సంబంధించినదని తేలిపోతుంది. గృహిణి జట్టు మాత్రం ఇబ్బంది పడుతుంది. ధర తగ్గడం ఆమెకు మేలు. కాని ఆ తేయాకు కొంటే, తన ప్రతినిధి లేని పార్లమెంటు వేసిన సుంకాన్ని అంగీకరించినట్లవుతుంది. వివాదం ధర గురించి కాక, పన్ను వేసే హక్కు గురించి అని విద్యార్థి గ్రహించవలసినది ఈ ఇబ్బందిలోనే.

తరువాత పటం తెరవాలి. ఈ కంపెనీయే అప్పటికి బెంగాల్‌లో దివానీ హక్కు పొంది, 1766 ఒప్పందం ద్వారా నిజాం అలీ నుంచి ఉత్తర సర్కారులను సంపాదించింది. 1770 నాటి బెంగాల్ కరువు, ఆపై కంపెనీకి వచ్చిన ఆర్థిక సంక్షోభం తేయాకు చట్టానికి నేపథ్యం. కంపెనీ భారతదేశంలో చేసిన దోపిడీని, కరువు మరణాలను ప్రస్తావిస్తూ పెన్సిల్వేనియాకు చెందిన జాన్ డికిన్సన్ 1773లో ‘రస్టికస్’ అనే మారుపేరుతో వలసవాసులను హెచ్చరించాడు. కోదాడ విద్యార్థులు అవుట్‌లైన్ పటంలో ఉత్తర సర్కారుల హద్దును గీస్తే, ఆ గీత తమ ఊరికి ఎంత దగ్గరో కనిపిస్తుంది. కోదాడ, జగ్గయ్యపేటల మధ్య నేటి రాష్ట్ర సరిహద్దు ఒకప్పటి నిజాం రాజ్యానికి, బ్రిటిష్ ప్రాంతానికి మధ్య హద్దు. సూర్యాపేట నుంచి కోదాడకు వచ్చే దారిలోని మునగాల పరగణా అయితే, చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా కృష్ణా జిల్లాలో భాగంగా బ్రిటిష్ పాలన కిందే కొనసాగింది.

చివరగా భేదం రాయించాలి. వలసవాసులకు శాసనసభలు, పత్రికలు ఉన్నాయి. సర్కారుల రైతుకు అవి లేవు. వలసవాసులు తామే ఆదిమవాసుల భూమిని ఆక్రమించినవారు. బోస్టన్‌లో తేయాకు పారబోసినవారు ఆదిమవాసుల వేషం వేసుకోవడం ఏమి సూచిస్తుందో చర్చకు పెట్టవచ్చు. మరొక అపోహ కూడా ఇక్కడే తొలగాలి. బోస్టన్ నీటిలో కలిసినది భారతీయ తేయాకు కాదు, చైనా తేయాకు. అస్సాం తోటలు ఆ తరువాతి శతాబ్దానివి.

4. రెండవ కృత్యం – అర్జీ నుంచి ప్రకటన వరకు:

అర్జీ అంటే ఈ ప్రాంత విద్యార్థికి తెలుసు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణికి ఇంటి పెద్దలు కాగితం పట్టుకొని వెళ్లడం చూసి ఉంటారు. ఈ పూర్వజ్ఞానమే అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు ప్రవేశద్వారం. 1775 జూలైలో వలసరాజ్యాల ప్రతినిధులు మూడో జార్జి రాజుకు శాంతి కోరుతూ అర్జీ పంపారు. రాజు దాన్ని స్వీకరించలేదు. మరుసటి ఏడాది జూలై 4న ఆమోదించిన ప్రకటనలో రాజుపై 27 ఫిర్యాదులు ఉన్నాయి. అర్జీ ఎప్పుడు ప్రకటనగా మారుతుంది? ఇదే కృత్య ప్రశ్న.

విద్యార్థులు ముందుగా తమ పాఠశాలకో ఊరికో సంబంధించిన ఒక సమస్యపై అర్జీ రాయాలి. ఎవరికి, ఎవరి తరఫున, ఏమి కోరుతూ అన్న మూడు అంశాలు అందులో ఉండాలి. తరువాత ప్రకటనలోని ఐదారు ఫిర్యాదుల తెలుగు సారాంశాన్ని చదివి అదే మూడు ప్రశ్నలు వేయాలి. ‘ఎవరికి’ అన్న చోట తేడా బయటపడుతుంది. అర్జీ అధికారిని ఉద్దేశిస్తుంది. ప్రకటన ఆ అధికారాన్నే తోసిపుచ్చి ప్రపంచాన్ని ఉద్దేశిస్తుంది.

రెండవ పీరియడులో నల్లబల్లపై ‘జూలై’ అని రాసి మూడు సంవత్సరాల కింద గళ్లు గీయాలి. మొదటి గడిలో 1776. ప్రకటన ముసాయిదాను ప్రధానంగా రాసిన జెఫర్సన్ బానిసల యజమాని. బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ ముసాయిదాలో ఉన్న భాగాన్ని కాంగ్రెస్ తొలగించింది. రెండవ గడిలో 1852. బానిసత్వం నుంచి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ ఆ ఏడాది జూలై 5న రాచెస్టర్‌లో ప్రసంగిస్తూ, ఈ పండుగ బానిసకు ఏమవుతుందని శ్వేతజాతి శ్రోతలను నిలదీశాడు. మూడవ గడిలో 1946. ఆ జూలై 4న నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. అదే రోజున ఫిలిప్పీన్స్ అమెరికా పాలన నుంచి స్వతంత్రమైంది. అదే నెలలో డా. బి.ఆర్. అంబేద్కర్, నల్లజాతి ప్రజలు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన అర్జీ ప్రతులను కోరుతూ అమెరికన్ మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు లేఖ రాయగా, ఆయన జూలై 31న జవాబిచ్చాడు.

తేదీ కలవడం యాదృచ్ఛికమని ఉపాధ్యాయుడు మొదటే స్పష్టం చేయాలి. కారణ సంబంధం లేని చోట సంబంధం కల్పించడం చరిత్ర కాదు. ఈ తేదీలు పక్కపక్కన నిలిపేది ఒక ప్రశ్న కోసమే: ‘మేము’ అన్న మాటలో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు? 1776లో ఫిర్యాదు రాసినవారు ఆస్తిపరులు. కడవెండిలో ఊరేగింపుగా నడిచినవారు వెట్టి, బేదఖళ్లకు గురైన రైతులు, కూలీలు. ఆంధ్ర మహాసభ నాయకత్వంలో గ్రామ సంఘంగా ఏర్పడిన జనం. వలసవాసులది దూరాన ఉన్న రాజుపై తిరుగుబాటు. ఇక్కడ ఎదిరించవలసినది గడీ, దాని వెనుక ఉన్న రాజ్యం. సూర్యాపేట విద్యార్థులు ఈ చర్చకు తుంగతుర్తి ప్రాంతంలోని కర్విరాల కొత్తగూడెంలో పుట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యం జీవిత వివరాలను సేకరించి తేవచ్చు.

5. మూడవ కృత్యం – పత్తికాయ, బానిసత్వం:

బానిసత్వం బోధించేటప్పుడు వేలం పాట దృశ్యాన్ని అభినయింపజేయడం కొన్నిచోట్ల కృత్యంగా చెలామణి అవుతుంది. ఇది వర్జనీయం. అవమానాన్ని ఆటగా మారిస్తే సానుభూతి పుట్టదు. తరగతిలో వ్యవసాయ కూలీల, వెట్టి అనుభవించిన కులాల పిల్లలు ఉంటారన్నది కూడా ఉపాధ్యాయుడు మరువరాదు. అభినయానికి బదులు వస్తువుతో, లెక్కతో పాఠం మొదలుపెట్టవచ్చు.

ఈ ప్రాంతంలో ఆయకట్టు కింద వరి, మెట్ట భూముల్లో పత్తి కనిపిస్తాయి. ప్రతి జట్టుకు కొంత గింజపత్తి ఇచ్చి, ఐదు నిమిషాలలో చేత్తో ఎంత దూది వేరు చేయగలరో తూయించాలి. చాలా కొద్ది వస్తుంది. 1793లో ఎలీ విట్నీ రూపొందించిన జిన్నింగ్ యంత్రం ఈ పనిని ఎన్నో రెట్లు వేగంగా చేసింది. యంత్రం రాకతో బానిసల అవసరం తగ్గి ఉంటుందా, పెరిగి ఉంటుందా అని ముందుగా ఊహించి రాయమనాలి. తగ్గి ఉంటుందని ఎక్కువమంది రాసే అవకాశం ఉంది. అప్పుడు జనాభా లెక్కలు ఇవ్వాలి. 1790లో అమెరికాలో బానిసల సంఖ్య సుమారు 7 లక్షలు. 1860 నాటికి సుమారు 39.5 లక్షలు. విద్యార్థులు గ్రాఫు గీసి, తమ ఊహ ఎందుకు తప్పిందో వివరించాలి.

ఆ వివరణకు కావలసిన జ్ఞానం పత్తి పండించే ఇంటి పిల్లల దగ్గరే ఉంది. గింజ తీయడం యంత్రం పనైంది, పత్తి ఏరడం మాత్రం చేతి పనిగానే మిగిలింది. గింజ తీసే అడ్డంకి తొలగేసరికి ఎక్కువ భూమిలో పత్తి వేయడం లాభసాటి అయింది. ఏరడానికి చేతులు ఇంకా ఎక్కువ కావలసివచ్చాయి. 1808 నుంచి విదేశాల నుంచి బానిసలను దిగుమతి చేసుకోవడాన్ని నిషేధించినా, దేశంలోపలే సుమారు 10 లక్షల మందిని ఎగువ దక్షిణ రాష్ట్రాల నుంచి పత్తి భూములకు తరలించారు. కుటుంబాలు విడిపోయాయి. యంత్రం తనంతట తాను ఎవరినీ విముక్తం చేయదు, దాన్ని ఎవరి లాభానికి వాడతారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఈ సాధారణ సూత్రాన్ని విద్యార్థి గ్రాఫు నుంచి స్వయంగా రాబట్టగలడు.

రెండవ దశలో వర్గీకరణ. నాలుగు కార్డులు ఉంటాయి: నేటి పత్తి ఏరే కూలీ, నిజాం కాలంలో వెట్టి చేసినవాడు, అప్పు కింద కట్టుబడిన భగేలా, అమెరికా పత్తి తోటలోని బానిస. ప్రతి కార్డుకూ ఐదు ప్రశ్నలు వేయాలి. పని వదిలి వెళ్లగలడా? కూలి ముడుతుందా? అప్పుతో ముడిపడి ఉందా? పిల్లలకు సంక్రమిస్తుందా? మరొకరికి అమ్మవచ్చా? వెట్టిలో కూలి లేదు. కులవృత్తిని బట్టి బాధ్యత తరతరాలకు సంక్రమించింది. కాని మనిషిని అమ్మే మార్కెట్టు లేదు. భగేలా ఒప్పందంలో అప్పు ప్రధానం. దీన్ని నియంత్రించడానికి హైదరాబాద్ రాజ్యం 1936లో నిబంధనలు తెచ్చింది. వాటివల్ల ఆచారం వెంటనే అంతరించలేదు. అమెరికాలో తల్లి బానిస అయితే బిడ్డ బానిసేనని వర్జీనియా 1662లోనే శాసనం చేసింది. అక్కడ మనిషి చట్టరీత్యా ఆస్తి. ఈ పట్టిక పూర్తయ్యాక, ఏది ఎక్కువ క్రూరమన్న చర్చకు వెళ్లనివ్వకూడదు. ఒక్కొక్క వ్యవస్థ దేని బలంతో నిలిచింది – చట్టమా, కులమా, అప్పా, కొరడానా – అన్న చర్చే ఫలవంతం.

మూడవ దశగా అంతర్యుద్ధ కాలపు పత్తి ప్రయాణాన్ని పటంపై గుర్తింపజేయవచ్చు. 1861–65 మధ్య అమెరికా పత్తి ఆగిపోవడంతో లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి. భారతదేశంలో పత్తి ధర ఎగసింది. హైదరాబాద్ రాజ్యానికి చెంది బ్రిటిష్ అజమాయిషీలో ఉన్న బేరారు పత్తికి గిరాకీ పెరిగింది. యుద్ధం ముగియగానే ధర పడిపోయి రైతులు అప్పుల్లో కూరుకుపోయారు. పత్తి ధర దూరదేశంలో నిర్ణయమవుతుందన్న సంగతి ఈ ప్రాంత రైతు కుటుంబాలకు కొత్త కాదు.

6. నాల్గవ కృత్యం – 381 రోజుల ప్రణాళిక:

పౌరహక్కుల పాఠంలో రోజా పార్క్స్ అలసిపోయి సీటు ఇవ్వని మహిళగా గుర్తుండిపోతుంది. ఈ చిత్రణ ఉద్యమాన్ని ఒక ఆకస్మిక ఘటనగా కుదిస్తుంది. 1955 డిసెంబరు 1న అరెస్టయ్యేనాటికి ఆమె నల్లజాతి హక్కుల సంఘం స్థానిక శాఖలో ఏళ్ల తరబడి పనిచేసిన కార్యకర్త. అంతకు తొమ్మిది నెలల ముందే, మార్చి 2న, క్లాడెట్ కోల్విన్ అనే 15 ఏళ్ల పాఠశాల విద్యార్థిని అదే నగరంలో సీటు వదలనందుకు అరెస్టయింది. వయసు చెప్పగానే పదో తరగతి విద్యార్థులు ఈ పేరును తమకు దగ్గరిదిగా భావిస్తారు.

కృత్య ప్రశ్న ఇది: ఒక నగరంలోని వేలాది మంది 381 రోజులు బస్సు ఎక్కకుండా పనికి ఎలా వెళ్లగలిగారు? మండల గ్రామాల నుంచి ఆర్టీసీ పాసుపై సూర్యాపేటకో మిర్యాలగూడకో వచ్చే విద్యార్థులు దీన్ని తమ దారితోనే ఆలోచించగలరు. ప్రతి జట్టూ ఒక బాధ్యత తీసుకోవాలి: రాత్రికి రాత్రి కరపత్రాలు పంచడం, వాహనాల ఏర్పాటు, విరాళాల లెక్క, కోర్టు వ్యాజ్యం, పోలీసు వేధింపులు వచ్చినప్పుడు జనాన్ని నిలబెట్టడం. ప్రణాళిక రాసిన తరువాత మాంట్‌గోమరీలో జరిగినదానితో సరిచూడాలి. జో ఆన్ రాబిన్సన్, మహిళా రాజకీయ మండలి సభ్యులు ఒక్క రాత్రిలో వేలాది కరపత్రాలు సిద్ధం చేశారు. చర్చిలు సమావేశ స్థలాలయ్యాయి. సొంత కార్లు ఉన్నవారు వంతుల వారీగా జనాన్ని చేరవేశారు. కోల్విన్ సహా నలుగురు మహిళలు వేసిన వ్యాజ్యంలో 1956లో సుప్రీంకోర్టు బస్సుల్లోని వేర్పాటును రాజ్యాంగ విరుద్ధమన్న తీర్పును ఖాయం చేసింది. నాయకుడి ప్రసంగంతో పాటు పేరు తెలియని వందల మంది నిర్వహణ శక్తి కూడా ఉద్యమమేనని విద్యార్థికి తెలుస్తుంది.

మన దేశంలో అస్పృశ్యతా నేరాల చట్టం అదే 1955లో అమలులోకి వచ్చింది. చట్టం వచ్చిన తరువాత ఊరి హోటల్లో, బావి దగ్గర, గుడిలో ఏది మారింది, ఏది మారలేదు అన్న ప్రశ్నను ఇంటివద్ద పెద్దలను అడిగి రమ్మనవచ్చు. ఎవరి కులాన్నీ తరగతిలో అడగకూడదు. సమాధానాలు పేర్లు లేని చీటీలపై రావాలి.

7. ఐదవ కృత్యం – టెనెస్సీ లోయ, ఎడమ కాలువ:

ఆర్థిక మాంద్యం పాఠంలో 1933 నాటి టెనెస్సీ లోయ సంస్థ ఒక వాక్యంగా వచ్చిపోతుంది. ఆ నమూనా ప్రేరణతో మన దేశంలో 1948లో దామోదర్ లోయ సంస్థ ఏర్పడింది. మాంట్‌గోమరీ బహిష్కరణ మొదలైన వారంలోనే, 1955 డిసెంబరు 10న, నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైంది. లాల్ బహదూర్ కాలువగా పేరుపొందిన ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల వ్యవసాయాన్ని మార్చివేసింది. మిర్యాలగూడ బియ్యం మిల్లులు ఆ మార్పుకు ప్రత్యక్ష సాక్ష్యాలు.

విద్యార్థులు కాలువకు ముందటి రోజులు తెలిసిన వృద్ధులను కలిసి నాలుగు ప్రశ్నలు అడగాలి: అప్పుడు ఏ పంట, ఏ తిండి, ఏ కూలి, ఎవరి భూమి? అలాగే జలాశయం కింద ఊళ్లు మునిగినవారి గురించి ఏమి విన్నారో అడగాలి. టెనెస్సీలోనూ ఆనకట్టల కోసం వేలాది కుటుంబాలు ఇళ్లు విడిచాయి. ప్రగతి లెక్కలో లబ్ధి పొందినవారిని, కోల్పోయినవారిని పక్కపక్కన రాయడం ఈ కృత్య సారం.

8. ఆరవ కృత్యం – వలస చట్టాల కార్డులు:

ఐదు కార్డులపై ఐదు చట్టపరమైన మలుపులు రాయాలి. 1917 వలస చట్టం భారతదేశం సహా ఆసియాలోని అధిక భాగం నుంచి వలసను నిషేధించింది. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946 జూలై 2న వచ్చిన చట్టం పౌరసత్వానికి దారి తెరిచి, ఏటా 100 మందికి కోటా ఇచ్చింది. 1965 చట్టం దేశాలవారీ జాతి వివక్ష కోటాను రద్దు చేసింది. 1990 చట్టం నేటి హెచ్-1బి వీసాకు రూపమిచ్చింది. నలుగురు ఊహాత్మక వ్యక్తుల వివరాలు ఇచ్చి, ఏ సంవత్సరంలో ఎవరికి ప్రవేశం దొరుకుతుందో, ఎవరికి పౌరసత్వం దొరుకుతుందో తేల్చమనాలి.

తరువాత నిజ జీవితం ఒకటి చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు థిండ్ తీర్పు వెలువడిన కాలంలోనే అమెరికా చేరారు. హార్వర్డ్‌లోను, 1940 నుంచి లెడర్లే ప్రయోగశాలలోను ఆయన చేసిన పరిశోధనలు ప్రపంచ వైద్యానికి మేలు చేశాయి. 1946లో చట్టం మారినా, 1948లో మరణించేనాటికి ఆయన అమెరికా పౌరుడు కాలేదు. ఒక ఇంటి కొడుకో కూతురో నేడు అమెరికాకు వెళ్లగలగడానికి ప్రతిభతో పాటు 1965 చట్టమూ కారణమే. నల్లజాతి పౌరహక్కుల పోరాటం సృష్టించిన వాతావరణంలోనే ఆ చట్టం రూపొందింది. మాంట్‌గోమరీ బస్సుకూ కోదాడ ఇంటి వీసాకూ మధ్య ఉన్న ఈ దారాన్ని పట్టుకోవడంతో ఉపోద్ఘాతంలో పేర్కొన్న రెండు అమెరికాలు విద్యార్థి మనసులో ఒకటవుతాయి. అమెరికాలో బంధువులు లేని విద్యార్థి తక్కువగా భావించకుండా, ఎవరి కుటుంబ వివరాలూ బహిరంగంగా అడగకుండా కృత్యం నడపాలి.

9. అమలు, మూల్యాంకనం:

ఆరు కృత్యాలనూ ఒకే ఏడాదిలో చేయనవసరం లేదు. మొదటి మూడు తొమ్మిదో తరగతికి, చివరి మూడు పదో తరగతికి అనువైనవి. ఒక్కొక్కటి రెండు పీరియడ్లకు మించకూడదు. సిలబస్ ఒత్తిడి ఉన్నచోట ఏడాదికి ఒక్కటి నిండుగా చేసినా మేలే. మూల పత్రాలు ఆంగ్లంలో ఉన్నందువల్ల ఉపాధ్యాయుడు తెలుగు సారాంశాన్ని ముందే సిద్ధం చేసుకోవాలి. ఆంగ్ల మాధ్యమ తరగతుల్లోనూ చర్చ తెలుగులో సాగి, రాత ఆంగ్లంలో ఉండవచ్చు. ఇంటి వద్ద జరిపే సంభాషణలను నిర్మాణాత్మక మూల్యాంకనంలోని ప్రాజెక్టు పనిగా పరిగణించవచ్చు.

మార్కులు వేషానికో చార్టు రంగులకో కాక, మూడు అంశాలకు ఇవ్వాలి: ఆధారాన్ని పేర్కొన్నాడా, కారణం చెప్పాడా, స్థానిక పోలికలోని భేదాన్ని గుర్తించాడా? పరీక్ష ప్రశ్నలు కూడా ఇందుకు తగినట్లు మారాలి. బోస్టన్ ఘటన ఏ సంవత్సరంలో జరిగిందని అడిగితే కృత్యం వృథా. ధర తగ్గినా వలసవాసులు ఎందుకు వ్యతిరేకించారని అడిగితే కృత్యమే సమాధానానికి దారి చూపుతుంది.

10. ముగింపు:

దూరదేశపు చరిత్రను దగ్గర చేయడానికి ఈ మూడు పట్టణాల ఉపాధ్యాయుడికి ఖరీదైన సామగ్రి అవసరం లేదు. మునగాల పటం, గుప్పెడు గింజపత్తి, ఆర్టీసీ పాసు, కాలువ గట్టున కూర్చున్న వృద్ధుడి మాట చాలు. అయితే స్థానికత ప్రవేశద్వారమే గాని గమ్యం కాదు. వెట్టి ద్వారా బానిసత్వాన్ని సమీపించిన విద్యార్థి, రెండింటి మధ్య గీతను తానే గీయగలిగినప్పుడు అమెరికా చరిత్రతో పాటు తన ఊరి చరిత్రను కూడా కొత్తగా చూస్తాడు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలు, స్థానిక డిగ్రీ కళాశాలల చరిత్ర శాఖలు మూల పత్రాల తెలుగు సారాంశాలను, తాలూకా స్థాయి చారిత్రక పటాలను రూపొందించి పాఠశాలలకు అందిస్తే ఈ పని సులువవుతుంది. ఆ దిశలో పరిశోధకులు చేయవలసింది ఎంతో ఉంది.